ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మణికట్టు నొప్పి మాత్రం పోలేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు మణికట్టు నొప్పి గురించినవే కావడం వల్ల వాటిని ఒకచోట చేర్చి జవాబు రాస్తున్నాను. నేను ఎముకల ఆపరేషన్లు చేసే డాక్టరును కాను. ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టును. అందువల్ల జబ్బును ఎలా గుర్తిస్తారన్నదే ఇక్కడ వివరంగా చెబుతాను, వైద్యం గురించి అవసరమైనంత మేరకే ప్రస్తావిస్తాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మాది మందస మండలం. నా వయసు 28. టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో ఆరేళ్ళుగా సమ్మెట, ఉలి పట్టి రాళ్ళు కొట్టే పని చేస్తున్నాను. ఎనిమిది నెలలుగా కుడి మణికట్టు పైభాగంలో, సరిగ్గా నడుమ, నొప్పిగా ఉంటోంది. దెబ్బ తగిలినట్టు గుర్తు లేదు. మొదట ఎక్స్‌రే తీసి, ఎముకలన్నీ బాగున్నాయి, బెణికి ఉంటుందని చెప్పి నొప్పి బిళ్ళలు ఇచ్చారు. అవి వేసుకున్నన్నాళ్ళూ సర్దుకుంటుంది, మానగానే మళ్ళీ మొదలవుతుంది. ఊళ్ళో నాటు కట్టు కూడా కట్టించుకున్నాను. పోయిన నెల శ్రీకాకుళంలో వేరే డాక్టరు గారు మళ్ళీ ఎక్స్‌రే తీయించి, లోపల ఒక ఎముకకు రక్తం అందడం లేదేమో, కీన్‌బాక్ జబ్బు కావచ్చు, ఎమ్మారై తీయించమన్నారు. మొదటి ఎక్స్‌రేలో లేనిది ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? అప్పుడు వాళ్ళు సరిగా చూడలేదా? అంత ఖర్చు పెట్టి ఎమ్మారై తీయించాలా, కట్టుతోనే సరిపెట్టుకోవచ్చా?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ వయసు, మీరు పట్టే సమ్మెట, నొప్పి ఉన్న చోటును మీరు "సరిగ్గా నడుమ" అని చెప్పిన తీరు, ఈ మూడూ ఒక్క ఉత్తరంలో కనబడగానే మీ డాక్టరు గారికి వచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. ఆయన సలహా సరైనదే. ఎమ్మారై తీయించుకోండి. ఎందుకో చెబుతాను.

ముంజేతిలో ఉండే రెండు పొడవైన ఎముకలను మనం బడి పుస్తకాలలో రత్ని, అరత్ని అని చదువుకున్నాం. బొటనవేలి వైపుది రత్ని, చిటికెన వేలి వైపుది అరత్ని. ఈ రెండింటికీ అరచేతికీ మధ్య 8 చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. మొదటి వరుసలో నడుమ ఉండే ఎముక పేరు లూనేట్. పక్క నుంచి చూస్తే నెలవంకలా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. మీరు సమ్మెటతో రాతిని కొట్టినప్పుడు చేతికి తగిలే అదురులో పెద్ద వాటా అరచేతిలో నుంచి వచ్చి, ఈ ఎముక మీదుగా రత్నిలోకి దిగుతుంది. పైగా ఈ ఎముక ఒంటి నిండా దాదాపుగా మృదులాస్థే కప్పి ఉండడం వల్ల రక్తనాళాలు లోపలికి వెళ్ళడానికి ముందు వైపు కొంచెం, వెనక వైపు కొంచెం మాత్రమే చోటు ఉంటుంది, కొందరిలో అదీ ఒక వైపే. ఆ దారి మూసుకుపోతే ఎముకలోని కణాలు చనిపోయి, ఎముక మెల్లగా నలిగి, చుట్టుపక్కల కీళ్ళు అరగడం మొదలవుతుంది. 1910లో వియన్నా నగరంలో రాబర్ట్ కీన్‌బాక్ అనే రేడియాలజిస్టు దీనిని ఎక్స్‌రేల ఆధారంగా వివరించాడు కాబట్టి ఆయన పేరే నిలిచిపోయింది. ఇరవై, నలభై ఏళ్ళ మధ్య మగవారిలో, అందులోనూ బరువు పని చేసే చేతిలో దీనిని ఎక్కువగా చూస్తాం. ఒక్క కారణమే దీనికి మూలమని ఎవరూ తేల్చలేదు కనుక మీ పనే మీకు ఈ జబ్బు తెచ్చిందని నేను అనను, కాని జబ్బు ఉన్న ఎముక మీద ఆ పని బరువు మోపుతుందనడంలో సందేహం లేదు.

ఇక మొదటి ఎక్స్‌రే మాట. ఎక్స్‌రేలో మనకు కనబడేది ఎముకలోని సున్నం. కణాలు చనిపోయిన రోజున ఆ సున్నం ఎక్కడికీ పోదు, కనుక ఫిల్ములో ఆ ఎముక పక్క ఎముకల మాదిరిగానే ఉంటుంది. నొప్పి వల్ల మీరు ఆ చేతిని కొన్ని నెలలు తక్కువగా వాడేసరికి రక్తం అందుతున్న చుట్టుపక్కల ఎముకలు కొంత సున్నం కోల్పోయి పలచబడతాయి. రక్తం అందని లూనేట్‌లో ఆ మార్పు జరగదు, పైగా బాగు చేసుకునే ప్రయత్నంలో పాత ఎముక మీదే కొత్త ఎముక పొరలు పేరుకుంటాయి. అప్పుడు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూస్తే బూడిద రంగు ఎముకల మధ్య ఒక్కటి సుద్దముక్కలా తెల్లగా కనబడుతుంది. మీ రెండో ఎక్స్‌రేలో మీ డాక్టరు గారు చూసింది బహుశా అదే. కనుక మొదట చూసిన వారు తప్పు చేశారని అనలేం. ఆ రోజున ఫిల్ములో నిజంగానే ఏమీ లేకపోవచ్చు. లోపం ఎక్కడ జరుగుతుందంటే, "ఫిల్ములో ఏమీ లేదు" అన్న మాటను "మణికట్టులో ఏమీ లేదు" అని రోగికి చెప్పినప్పుడు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ళ క్రితం ఒక యువకుడి ఎక్స్‌రే చూసి మామూలుగా ఉందని నేనే రాశాను. పదకొండు నెలల తరువాత అదే చేతి ఫిల్ము నా ముందుకు వచ్చినప్పుడు అతని లూనేట్ అటుకులా చప్పబడి, రెండు ముక్కలుగా చీలి ఉంది. పాత ఫిల్ము తెప్పించి పక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా అందులో తప్పు కనబడలేదు. నేను రాసింది ఫిల్ము వరకు నిజమే. అయితే ఆ చీటీ మీద "మణికట్టు నొప్పి" అన్న రెండు మాటలే ఉన్నాయి, నొప్పి ఎక్కడో, ఎన్నాళ్ళుగానో నేనూ అడగలేదు. ఆనాటి నుంచి ఇటువంటి వయసు వారి రిపోర్టు చివర "నొప్పి తగ్గని పక్షంలో ఎమ్మారై అవసరం" అన్న వాక్యం తప్పకుండా రాస్తున్నాను.

ఎమ్మారై చూసేది సున్నాన్ని కాదు, ఎముక లోపలి మజ్జను. ఆరోగ్యంగా ఉన్న మజ్జలో కొవ్వు ఉంటుంది, టీ-1 అని పిలిచే వరుస బొమ్మలలో ఆ కొవ్వు తెల్లగా మెరుస్తుంది. రక్తం ఆగిన లూనేట్ ఆ బొమ్మలలో నల్లబడుతుంది. చుట్టూ ఏడు ఎముకలు తెల్లగా ఉండి నడుమ ఒక్కటే పూర్తిగా నల్లగా కనబడితే, ఎక్స్‌రే ఎంత చక్కగా ఉన్నా మనం ఆ జబ్బు మొదటి దశలో ఉన్నట్టు. 1977లో లిక్ట్‌మన్ అనే అమెరికా వైద్యుడు ప్రతిపాదించిన దశలనే నేటికీ కొద్ది మార్పులతో వాడుతున్నారు: మొదటి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, రెండో దశలో ఎముక తెల్లబడుతుంది కాని దాని రూపు చెడదు, మూడో దశలో నలిగి చప్పబడుతుంది, నాలుగో దశలో చుట్టూ ఉన్న కీళ్ళు అరిగిపోతాయి. మూడో దశలోనే మళ్ళీ తేడాలున్నాయి. పక్కన ఉండే స్కాఫాయిడ్ అనే ఎముక తన చోట తాను నిలబడి ఉందా, ముందుకు వాలిపోయిందా అన్నదాన్ని బట్టి వైద్యం పూర్తిగా మారుతుంది. మీరు రెండో దశలో ఉన్నారో, మూడో దశలోకి అడుగు పెట్టారో తెలియకుండా ఏ సర్జనూ సరైన నిర్ణయం తీసుకోలేరు, అందుకే ఖర్చు అయినా ఈ పరీక్ష చేయించుకోమంటున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ముందుగా విచారించి, అక్కడ వీలు కాకపోతేనే బయటికి వెళ్ళండి.

ఎమ్మారైతో పాటు ఒక సరైన ఎక్స్‌రే కూడా కావాలి. సరైనది అని ఎందుకంటున్నానంటే, 1928లో హుల్టెన్ అనే స్వీడన్ వైద్యుడు గమనించినట్టు, ఈ జబ్బు ఉన్న వారిలో చాలామందికి అరత్ని ఎముక రత్ని కన్నా కొంచెం పొట్టిగా ఉంటుంది. బరువు పంచుకోవలసిన అరత్ని వెనకబడడం వల్ల భారం లూనేట్ మీద ఎక్కువగా పడుతుందని భావిస్తారు. ఆ తేడా కొన్ని మిల్లీమీటర్లే. చేతిని కొంచెం అటూ ఇటూ తిప్పినా, పిడికిలి బిగించినా ఆ కొలత మారిపోతుంది. కనుక భుజాన్ని పక్కకు ఎత్తి, మోచేతిని 90 డిగ్రీలు వంచి, మోచేయీ భుజమూ ఒకే ఎత్తులో ఉండేటట్టు కూర్చుని, అరచేతిని పలక మీద బోర్లా ఆనించి, వేళ్ళు వదులుగా ఉంచి తీయాలి. ఫిల్ము సరిగా వచ్చిందో లేదో మీరే చూసుకోవచ్చు: అరత్ని చివర ఉండే మొనదేలిన ముక్క ఎముకకు బయటి అంచున నిలబడినట్టు కనబడితే సరిగా తీసినట్టు, ఎముక నడి మధ్యలో పడి ఉన్నట్టు కనబడితే చేతిని తిప్పి తీసినట్టు. రద్దీగా ఉండే చోట చేతిని ఎలా పెడితే అలా తీసేస్తారు. మర్యాదగానే, అయినా గట్టిగానే అడిగి చేయించుకోండి. పక్క నుంచి తీసే రెండో ఎక్స్‌రే, పోల్చి చూడడానికి ఎడమ చేతి ఎక్స్‌రే కూడా ఉంటే మంచిది.

స్కానింగుకు వెళ్ళే ముందు మీరు చెప్పవలసిన సంగతులు రెండు ఉన్నాయి, ఇవి అడిగేవారు ఒక్కోసారి అడగడం మరచిపోతారు. ఉలి తలను సమ్మెటతో కొట్టేటప్పుడు ఇనుప రవ్వలు లేచి కంట్లో పడడం మీ పనిలో కొత్త కాదు. ఎప్పుడైనా అలా పడి ఉంటే, అది బయటికి వచ్చిందని మీరు అనుకుంటున్నా సరే, ఎమ్మారై గదిలోకి అడుగు పెట్టే ముందే చెప్పండి. ఆ యంత్రం పెద్ద అయస్కాంతం. కంట్లో మిగిలిపోయిన ఇనుప ముక్కను అది కదిలిస్తే చూపే పోవచ్చు. కంటికి ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని తేల్చుకున్న తరువాతే లోపలికి పంపుతారు.

రెండోది మీ మూత్రపిండాల సంగతి. మీది మందస మండలం, అంటే ఉద్దానం. మన ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను పట్టుకుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎనిమిది నెలలుగా మీరు నొప్పి బిళ్ళలు వేసుకుంటున్నారన్న మాట చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, మీ మణికట్టు కన్నా ఆ సంగతే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలు మూత్రపిండాలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఎండలో, క్వారీలో, చెమటతో ఒళ్ళు ఎండిపోయే పనిలో ఉన్న మనిషికి ఆ హాని మరింత ఎక్కువ. ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, డాక్టరు గారిని అడగకుండా ఆ బిళ్ళలు ఇక వాడవద్దు. ఎమ్మారైలో కొన్నిసార్లు గెడోలినియం అనే మందును నరానికి ఎక్కించి, ఎముకలో రక్తం ఎంతవరకు పారుతోందో చూస్తారు. జబ్బు ఉందా లేదా అని తేల్చడానికి చాలావరకు ఆ మందు అవసరం ఉండదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్న వారికి ఆ మందులో పాత రకాలు చర్మాన్నీ కీళ్ళనూ బిగదీసే ప్రమాదకరమైన జబ్బు తెచ్చిన ఉదాహరణలు ఉన్నాయి, కనుక క్రియాటినిన్ రిపోర్టు చేతిలో లేకుండా ఆ ఇంజెక్షనుకు ఒప్పుకోవద్దు.

నాటు కట్టు గురించి అడిగారు. చేతికి విశ్రాంతి ఇవ్వడం ఈ జబ్బు తొలి దశలో వైద్యమే, ఆ మేరకు కట్టు వల్ల మీకు ఉపశమనం కలిగి ఉండవచ్చు. కాని ఏ దశలో ఉందో తెలియని ఎముకను గట్టిగా బిగించి కట్టడం, నూనె పోసి మర్దన చేయడం నేను సమ్మతించలేను. ఎమ్మారై వచ్చాక డాక్టరు గారు చేతికి వేసే పట్టీయో పిండికట్టో దాని పని అది చేస్తుంది; ఎముక ఇంకా నలగకుండా ఉండి, అరత్ని పొట్టిగా ఉంటే రత్నిని కొద్ది మిల్లీమీటర్లు తగ్గించి లూనేట్ మీద బరువు తప్పించే ఆపరేషను ఉంది. అందరికీ ఆపరేషను తప్పదని కూడా కాదు. తేలేదాకా సమ్మెట మాత్రం పట్టకండి. కూలి పోతుందని తెలిసే రాస్తున్నాను. మేస్త్రీ గారితో మాట్లాడి, ఈ రెండు మూడు నెలలు చేతికి అదురు తగలని పని ఏదైనా ఇమ్మని అడగండి.

ప్రశ్న: అమ్మా, నాకు 46 ఏళ్ళు. విజయనగరంలో ఇంటి దగ్గర బట్టలు కుడతాను. ఏడాదిగా కుడి మణికట్టులో చిటికెన వేలి వైపు నొప్పి. తడి బట్టలు పిండినా, తలుపు గడియ తిప్పినా ప్రాణం పోయినంత పని అవుతుంది. ఎమ్మారై రిపోర్టులో లూనేట్‌లో మార్పు ఉంది, కీన్‌బాక్ అనుమానం అని రాశారు. మా అబ్బాయి ఫోనులో చదివి ఎముక కుళ్ళిపోయే జబ్బు అన్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చేయి పోతుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చేయి పోదమ్మా. ముందు "కుళ్ళడం" అన్న మాటను మనసులో నుంచి తీసేయండి. కీన్‌బాక్ జబ్బులోనైనా చీము పట్టడం, కుళ్ళడం ఉండవు; రక్తం అందక ఎముక బలహీనపడడమే ఉంటుంది. మీకు ఉన్నది ఆ జబ్బేనా అన్నది కూడా నాకు సందేహంగానే ఉంది.

మీరు పంపిన ఎమ్మారై బొమ్మల నకలులో నల్లబడిన చోటును జాగ్రత్తగా చూశాను. లూనేట్ మొత్తం నల్లబడలేదు. ముంజేతికి ఆనుకునే కింది అంచులో, అదీ చిటికెన వేలి వైపు మూలలో మాత్రమే గోరంత మచ్చ ఉంది, దానికి ఎదురుగా ఉన్న అరత్ని తల మీద కూడా చిన్న మచ్చ కనబడుతోంది. రెండు ఎముకలు ఎదురెదురుగా ఒకదానినొకటి ఒత్తుకుంటున్నప్పుడు పడే గుర్తు ఇది. మీ ఎక్స్‌రేలో అరత్ని రత్ని కన్నా కొంచెం పొడవుగా ఉంది. క్వారీలో పని చేసే పాఠకుడికి చెప్పిన దానికి ఇది సరిగ్గా తలకిందులు. పొడవైన అరత్ని, మధ్యలో మెత్తలా ఉండే మృదులాస్థి పలకను అరగదీసి, లూనేట్ మూలను గుద్దుతూ ఉంటుంది. బట్టలు పిండేటప్పుడు పిడికిలి బిగించి చేతిని తిప్పుతారు, అప్పుడు అరత్ని ఇంకా ముందుకు వస్తుంది. మీ నొప్పి ఆ సమయంలోనే రావడం దీనితో చక్కగా సరిపోతోంది.

కీన్‌బాక్‌లో మచ్చ ఎముకంతటా వ్యాపిస్తుంది, లేదా బొటనవేలి వైపు ఎక్కువగా ఉంటుంది. ఒత్తుడు వల్ల వచ్చే మచ్చ చిటికెన వేలి వైపు మూలకే పరిమితమవుతుంది. లూనేట్‌లో నల్ల మచ్చ కనబడగానే కీన్‌బాక్ అని రాయడం మా వృత్తిలో తరచుగా జరిగే పొరపాటు. ఎముకలో చిన్న నీటి తిత్తి ఉన్నా, పడినప్పుడు ఎముక లోపల కమిలినా కూడా మచ్చ కనబడుతుంది. మీ ఎముకల డాక్టరు గారిని రెండు పనులు కోరండి. ఒకటి, పిడికిలి బిగించి, అరచేయి బోర్లా ఉంచి ఒక ఎక్స్‌రే తీయించమనండి. అరత్ని ఎంత ముందుకు వస్తోందో అందులో తెలుస్తుంది. రెండోది, మీ ఎమ్మారైని కండరాలు, ఎముకల స్కాన్లు ఎక్కువగా చూసే రేడియాలజిస్టుకు మరోసారి చూపించమనండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా సీడీ కూడా తీసుకుని వెళ్ళండి, కాగితం మీద అచ్చు వేసిన నకలు చూసి చెప్పే మాట, నా మాట కూడా, పూర్తి నిర్ధారణ కాదు. ఈలోగా బట్టలు పిండే పని ఇంట్లో మరొకరికి అప్పగించండి, మీ అబ్బాయికే అప్పగిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మా తమ్ముడికి కీన్‌బాక్ జబ్బు అని ఎమ్మారైలో తేలింది. ఇప్పుడు సీటీ స్కాన్ కూడా కావాలంటున్నారు. ఒకటి తీశాక మరొకటి ఎందుకు? డబ్బు కోసమా?
– రాజాం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్ని సందర్భాలలోనూ అవసరం ఉండదు, కాని ఆపరేషను ఆలోచనలో ఉన్నప్పుడు అడగడం సబబే. ఎమ్మారై ఎముక లోపలి ప్రాణాన్ని చూపుతుంది, సీటీ ఎముక పెంకును చూపుతుంది. లూనేట్‌లో వెంట్రుకవాసి చీలిక ఉందా, ఎన్ని ముక్కలుగా విడిపోయింది, పక్క కీలు ఉపరితలం నునుపుగా ఉందా అన్నది సీటీలో తెలిసినంత స్పష్టంగా మరెందులోనూ తెలియదు. ఎక్స్‌రేలో రెండో దశ అనుకున్నది సీటీలో చీలికతో మూడో దశగా తేలిన సందర్భాలు నేనే చూశాను. మణికట్టు ఒక్కటే తీస్తారు కనుక ఒంటికి తగిలే కిరణాలు చాలా తక్కువ. "దీని వల్ల వైద్యంలో ఏం మారుతుంది?" అని సర్జన్ గారిని నేరుగా అడగండి. ఏదో ఒకటి మారుతుందని ఆయన చెప్పగలిగితే తీయించండి.

ప్రశ్న: నా వయసు 64. రిటైరైన ఉపాధ్యాయుడిని. సుమారు ముప్పై ఏళ్ళ క్రితం సైకిలు మీద నుంచి అరచేయి ఆనించి పడ్డాను. అప్పుడు బెణుకన్నారు. ఇప్పుడు మణికట్టు బొటనవేలి వైపు వాచి, బిగుసుకుపోయి, కలం పట్టుకోవడం కష్టంగా ఉంది. నాకూ ఎమ్మారై కావాలా?
– బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీకు ప్రస్తుతం ఎమ్మారై అవసరం లేదనే నా అభిప్రాయం. మీరు చెప్పిన కథ వేరు. అరచేయి ఆనించి పడినప్పుడు స్కాఫాయిడ్ ఎముక విరగడం, లేదా స్కాఫాయిడ్‌ను లూనేట్‌తో కట్టి ఉంచే బంధనం తెగడం తరచుగా జరుగుతుంది. రెండూ ఆ రోజు ఎక్స్‌రేలో తప్పించుకోగలవు, రెండింటినీ బెణుకనే అనుకుంటారు. ఏళ్ళ తరబడి ఎముకలు పక్కదారిన కదులుతూ కీలు అరిగిపోతుంది. ఈ అరుగుదల ఒక క్రమంలో సాగుతుంది: ముందు బొటనవేలి వైపు రత్ని కొనకూ స్కాఫాయిడ్‌కూ మధ్య, తరువాత రత్నిలో స్కాఫాయిడ్ ఆనుకుని ఉండే గుంట అంతటా, ఆపైన మణికట్టు నడిమి కీలులో. విచిత్రంగా, రత్నికీ లూనేట్‌కూ మధ్య ఉన్న కీలు చాలావరకు చివరిదాకా చెక్కుచెదరదు. ఆపరేషను అవసరమైతే సర్జన్లు ఆధారపడేది మిగిలిన ఆ కీలు మీదే.

ఇదంతా మంచి ఎక్స్‌రేలోనే కనబడుతుంది. రెండు చేతులకూ ముందు నుంచి, పక్క నుంచి, పిడికిలి బిగించి ఎక్స్‌రేలు తీయించండి. స్కాఫాయిడ్‌కూ లూనేట్‌కూ మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు దాటితే బంధనం తెగిందని అనుమానించాలి. పిడికిలి బిగించినప్పుడు ఆ ఎడం ఇంకా బయటపడుతుంది. మీ ఎడమ చేయి మీకు కొలబద్ద. ఆ ఫిల్ములతో పాటు ఆనాటి పాత ఎక్స్‌రే ఇంట్లో ఏ పెట్టె అడుగున ఉన్నా వెతికి తీసుకుని వెళ్ళండి. పసుపు పచ్చబడినా పరవాలేదు, ఆ రోజు ఆ ఎముక విరిగి ఉందో లేదో ఇప్పుడు తెలిసిన కంటితో చూస్తే అందులోనే కనబడవచ్చు.